గెలిచినవాళ్ళు పడవ విప్పాలి

కోడలు పళ్ళు చేస్తుంది. తన పళ్ళు కాదు, జనం పళ్ళు. దంతాల డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ల్యాబులో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, అచ్చుకి సరిపోయే పళ్ళ సెట్టు తయారుచేసి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తుంది. ఆ పళ్ళతో ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఎవరి మీద పళ్ళు నూరుతున్నారో ఆమెకి తెలిసే దారి లేదు. పళ్ళు పెట్టుకున్నవాళ్ళు డాక్టరుగారిని మెచ్చుకుంటారు గానీ, ల్యాబు ఎక్కడుందని అడిగిన పాపాన పోరు.

అత్తగారిది కళ్ళజోళ్ళ షాపు. ఆడపడుచు లిఫ్టు మెకానిక్కు. కోడలి మొగుడు బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. "పళ్ళు మా ఆవిడవి, కళ్ళు మా అమ్మవి, నోరు మా చెల్లెలిది, ఇక నాకు మిగిలింది పొట్టే" అని అతగాడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి, తనే ముందు నవ్వేస్తాడు. అత్తగారూ ఆడపడుచూ ఉండేది ఒక ఊళ్ళో, వీళ్ళిద్దరూ ఉండేది ఇంకో ఊళ్ళో. అయినా ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి నలుగురూ ఒకే చెరువులో ఉంటారు.

ఆ చెరువు కంప్యూటర్లో ఉంది. దాన్ని తవ్వింది కోడలే. తెరచాప పడవల పందెం అది. చుక్కాని చేత్తో తిప్పుకోవాలి, తెరచాప సంగతి పడవలోని కోడు చూసుకుంటుంది. ఇలాంటి ఆటలకి మామూలుగా ఏదో ఒక కంపెనీవాళ్ళ పెద్ద కంప్యూటరు మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. అందరూ దాంతోనే మాట్లాడాలి, అది చెప్పిందే వేదం. కోడలి ఆటకి ఆ పెత్తనం లేదు. గోడ మీంచి పక్కింటావిడకి గిన్నె అందించినట్టు, ఈ ఇంటి మిషను ఆ ఇంటి మిషనుతో నేరుగా మాట్లాడుకుంటుంది. గాలి ఎటు వీస్తోందో, ఏ పడవ ఎక్కడుందో మిషన్లన్నీ ఒకదాన్నొకటి అడిగి తేల్చుకుంటాయి. ఎవరైనా తెలివి మీరి తన మిషన్లో గాలిని తనవైపు తిప్పుకున్నారో, మిగతావి ఒప్పుకోవు. గాలి అందరిదీ, పడవ మాత్రం ఎవరిది వాళ్ళదే.

ప్రోగ్రాములు రాయడం కోడలికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసి, ఎవరైనా చూసుకోండని తెరిచిపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు చదివి, విప్పి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నేర్చుకుంది. అందుకని తన ఆటకీ అలాంటి లైసెన్సే పెట్టింది. ఎవరైనా ఆడుకోవచ్చు, లోపలి కోడు చూడొచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే. మార్చిన ఆటని ఇంకొకరి చేతిలో పెడితే, దాని కోడు కూడా దాచకుండా ఇదే షరతు మీద ఇవ్వాలి.

లైసెన్సు చదివే మనిషి ఈ భూమ్మీద ఉంటాడని కోడలు అనుకోలేదు. 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేసి చేతులు దులుపుకునే లోకం మనది. అత్తగారు చదివింది. షాపులో బేరాల్లేని పూట భూతద్దం పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, ఫోన్ చేసింది.

"బాగుందే అమ్మాయ్. కానీ ఇందులో ఒక సందుంది. పడవ మార్చుకుని, ఎవరికీ ఇవ్వకుండా, తన దగ్గరే ఉంచుకుని ఆడితే కోడు చూపించక్కర్లేదుగా?"

"అక్కర్లేదు అత్తయ్యా. ఇంకొకరికి ఇస్తేనే."

"అయితే నీ ఆడపడుచు దాచుకుంటుంది. కన్నదాన్ని, నాకు తెలీదూ? లైసెన్సు ఎలాగైనా ఉండనీ, మనింట్లో మాత్రం గెలిచినవాళ్ళు పడవ విప్పాలి. అంతే."

అలా పుట్టింది ఆ ఇంటి రివాజు. ఆదివారం ఎవరు గెలిస్తే వాళ్ళు పందెం అవగానే తమ పడవ కోడు అందరి ముందూ పెట్టాలి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో విడమర్చి చెప్పాలి. మిగతావాళ్ళు దాన్ని నిస్సిగ్గుగా ఎత్తుకుపోయి తమ పడవలకి తగిలించుకోవచ్చు. లిఫ్టుకి వెనకాల బరువు వేలాడుతుంది కదా, లిఫ్టు పైకి పోతే అది కిందకి వస్తుంది. ఆడపడుచు ఆ బరువునే పడవలో పెట్టి, పడవ ఒరిగిన ప్రతిసారీ అటుపక్కకి జరిగేట్టు చేసి, ఒక ఆదివారం గెలిచింది. ఆమె విప్పి చూపించిన మర్నాటికల్లా అందరి పడవల్లోనూ బరువులే. కూతుర్ని ఓడించాలనే పంతంతో అత్తగారు షాపు కౌంటరు వెనక కూర్చుని కోడు రాయడం నేర్చుకుంది. మొగుడొక్కడే ఏ మార్పూ చేసేవాడు కాదు. తన పడవకి వారానికో రంగు వేసుకుని, ప్రతి పందెంలోనూ అందరికంటే చివర ఊగుకుంటూ వచ్చేవాడు. "నేను గెలిస్తే ఏం విప్పాలి, రంగు డబ్బానా?" అనేవాడు.

ఇంత సరదాగా సాగుతున్న సంసారంలోకి ఆటల కంపెనీ వచ్చింది.

ఆట తెరిచి పెట్టిందే కాబట్టి ఎక్కడెక్కడివాళ్ళో దించుకుని ఆడుతున్నారు. అలా ఆడినవాళ్ళలో ఆ కంపెనీలో పనిచేసే అబ్బాయొకడున్నాడు. అతను తన పైవాళ్ళకి చూపించాడు, వాళ్ళు ముచ్చటపడ్డారు. ఆటని తామే తీసుకుంటాం, మధ్యలో తమ పెద్ద కంప్యూటరు పెడతాం, కోడు మూసేస్తాం, ఆవిడకి తమ దగ్గర ఉద్యోగం ఇస్తాం అన్నారు. పొద్దస్తమానం ఆటలు తయారుచేసే ఉద్యోగం.

కోడలికి ఆ ఉత్తరం చదివాక కాళ్ళు నేల మీద నిలవలేదు. పళ్ళ పని చెడ్డదని కాదు. చేతిలో పని, తిండి పెట్టిన పని. కానీ సాయంత్రం అయ్యేసరికి కనుబొమ్మల మీద కూడా తెల్లటి పొడి పేరుకుని, ఇంటికొచ్చి మొహం కడుక్కుని, మిగిలిన కాస్త ఓపికతో ఆట ముందు కూర్చునేది. ఆ కాస్త ఓపికలో చేసిన పనే తనకి అన్నిటికన్నా ఇష్టమైన పని అని ఆమెకి బాగా తెలుసు. రోజంతా అదే చేసుకోవచ్చంటే, పుట్టి బుద్ధెరిగాక ఆమెకి ఇంత కావాలనిపించింది ఇంకోటి లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఆటలో అత్తగారూ ఆడపడుచూ రాసిన ముక్కలున్నాయి. రాసినవాళ్ళందరూ ఒప్పుకుంటే తప్ప లైసెన్సు మార్చడం కుదరదు. ఆట పేజీలో, అందరికీ కనపడేట్టు, ఒక్కొక్కరూ 'నాకు సమ్మతమే' అని రాయాలి. ఆడపడుచు సగం ఎక్కిన లిఫ్టులోంచే రాసేసింది. "వదినా, నువ్వు పెద్ద ఆఫీసులో చేరాక ఆ బిల్డింగు లిఫ్టు నాకిప్పించు" అని కింద ఇంకో ముక్క కూడా తగిలించింది. అత్తగారు మాత్రం రాయలేదు.

"ఆ అబ్బాయిని ఆదివారం రమ్మను. మనతో ఒక పందెం ఆడాక రాస్తా. పిల్లనిచ్చే ముందు కూడా మనిషిని చూస్తాం కదే" అంది.

ఆదివారం కంపెనీ అబ్బాయి లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని కోడలి ఇంటికొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మాట మెత్తన. మొగుడు బేకరీ నుంచి తెచ్చిన బిస్కెట్ల పళ్ళెం అతని మోచేతి దగ్గరే పెట్టాడు. స్పీకర్లోంచి అత్తగారి గొంతూ, ఆడపడుచు గొంతూ గది నిండా మోగుతున్నాయి.

"మీరేం అనుకోకపోతే," అన్నాడు అబ్బాయి, "నేను మా ఆఫీసులో మార్చిన పడవతో ఆడతాను."

"నీ పడవ నీ ఇష్టం నాయనా. గాలి జోలికి పోకుండా ఉంటే చాలు" అంది అత్తగారు.

పందెం మొదలైంది. ఆ రోజు గాలి వెనక నుంచి వీస్తోంది. ఆడపడుచు మొదట్లోనే ముందుకు దూసుకుపోయి, అరుపులు మొదలుపెట్టింది. అత్తగారు మౌనంగా ఆమె వెనకే. కోడలు మూడో పడవ. అబ్బాయి ఆమె పక్కన. అందరికీ వెనకాల, ఎర్రటి రంగు వేసుకుని, అటూ ఇటూ తూలుతూ మొగుడు.

సగం దూరం దాటాక అబ్బాయి పడవ ఏదో చేసింది. గాలి ఇంకా మారనే లేదు, దాని తెరచాప అప్పుడే తిరిగింది. కోడలు 'అయ్యో, తప్పు వైపు తిరిగిందే' అనుకునే లోపల గాలి మారింది. సరిగ్గా ఆ తెరచాప తిరిగిన వైపుకే. పడవ ముందుకు లేచిపోయింది. మళ్ళీ అంతే. ప్రతిసారీ గాలి రాకముందే అతని తెరచాప సిద్ధంగా ఉంది. అత్తగారిని దాటాడు, ఆడపడుచుని దాటాడు, నెగ్గాడు.

కోడలు తెర మీదకి వంగింది. ఈ చెరువులో ప్రతి నీటిబొట్టూ తను రాసిందే. ఎవరి మిషనుకైనా తన పడవకి తగిలే గాలే తెలుస్తుంది, రాబోయే గాలి తెలీదు. మరి ఇతనికెలా తెలిసింది? ఓడిపోయానన్న బాధ లేశమైనా లేదు ఆమెకి, ఆ కోడు చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, అంతే.

"భేష్ బాబూ!" అంది అత్తగారు. "ఏదీ, ఇక పడవ విప్పు."

అబ్బాయి చేతిలోని బిస్కెట్టు నోటి దాకా వెళ్ళి ఆగింది. "అదీ... కుదరదండీ. అది ఆఫీసుది. బయట చూపించకూడదు."

"అదేంటి? గెలిచావుగా?" అంది ఆడపడుచు.

"లైసెన్సు ప్రకారం ఆయన తప్పేం లేదు" అంది కోడలు గబగబా, కాబోయే ఉద్యోగం గుర్తొచ్చి. "ఆ పడవ ఆయన దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. చూపించాలన్న నియమం లేదు అత్తయ్యా."

"లైసెన్సు నాకు కంఠతా వచ్చే తల్లీ. నేనడిగింది ఇంటి రివాజు."

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. పాపం, చెడ్డవాడు కాదు. కోడలివైపు వంగి, స్పీకరుకి వినపడకూడదని గొంతు తగ్గించి, "మీరు చేరండి మేడమ్, మొదటి రోజే ప్రతి అక్షరం చూపిస్తాను. కాకపోతే ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదు, చేరినవాళ్ళందరికీ ఉండే నియమమే" అన్నాడు.

కళ్ళజోళ్ళమ్మే అత్తగారికి చెవులు కూడా చురుకే.

"అంటే అమ్మాయ్, నువ్వు చూస్తావు, నాకు చెప్పవు. అంతేనా?"

కోడలు తెర వంక చూస్తూ, "చెప్పకూడదట అత్తయ్యా" అంది.

తల్లి అలిగిందేమోనని మొగుడు కంగారుపడ్డాడు. అంతలో స్పీకరులో టకటకమని కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆట పేజీలో కొత్త వరస ప్రత్యక్షమైంది, అత్తగారి పేరు మీద. 'నాకు సమ్మతమే. మా కోడలు సుఖంగా ఉంటే నాకంతకంటే ఏం కావాలి.'

"రాసేశాను" అంది అత్తగారు. గొంతు మామూలుగా ఉంచుకోవాలని ఆమె పడుతున్న పాట్లు అందరికీ తెలుస్తూనే ఉన్నాయి. "ఆదివారాలు ఇంకేదైనా ఆడుకుందాంలే. లోకంలో ఆటలకి కరువా?"

"ఇక మీరొక్కరే, మేడమ్" అన్నాడు అబ్బాయి. లాప్‌టాప్ ఆమె ముందుకి జరిపాడు.

కోడలు వేళ్ళు మీటల మీద పెట్టింది. రాయాల్సింది రెండే మాటలు. మొగుడు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె కళ్ళ ముందు కిటికీ పక్క బల్లా, తెల్లపొడీ, వరసగా పేర్చిన నోటి అచ్చులూ కదిలాయి. ఆ బల్ల దగ్గరే తల నెరిసేదాకా కూర్చుంటానేమోనని భయం వేసింది. ఆమె వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు సమ్మతం కాదండీ" అంది.

"మేడమ్?"

"ఆట కావాలంటే మీరూ తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి కూడా. ఎవరూ అడ్డు చెప్పరు. తీసుకున్నవాళ్ళకి కోడు కూడా ఇవ్వండి, అదొక్కటే. ఆ లెక్కన ఉద్యోగం ఇస్తామంటే పరిగెత్తుకుంటూ వస్తాను. మూసేస్తామంటే మాత్రం నా వల్ల కాదు."

"మా పైవాళ్ళు ఒప్పుకోరండీ" అన్నాడతను నిజాయితీగా.

స్పీకరు పేలింది. "మతి గానీ పోయిందా నీకు?" అత్తగారి గొంతది. "నేను ఒప్పుకుని ఏడిస్తే నువ్వు కాదనడమేంటి? కాళ్ళ దగ్గరికొచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకుంటారటే! ఒరేయ్, నువ్వైనా చెప్పరా దానికి!"

"నా మాట ఎప్పుడు విన్నారమ్మా మీరిద్దరూ?" అన్నాడు మొగుడు. అంటూనే పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు.

"తర్వాత తిడుదురుగాని అత్తయ్యా. ముందు పందెం మళ్ళీ వేసి చూద్దాం" అంది కోడలు. కళ్ళు తుడుచుకుంది గానీ మాటలో హుషారు వచ్చేసింది. "ఆయన కోడు మన దగ్గర లేకపోతేనేం? ఏ పడవ ఎప్పుడు ఎక్కడుందో మన మిషన్లన్నిటిలోనూ ఉంది. పళ్ళ సెట్టు ఎక్కడ ఎత్తుగా ఉందో తెలియకపోతే ఏం చేస్తాం? మధ్యలో నీలం కాగితం పెట్టి కొరికిస్తాం. రంగు అంటినచోటే తగులుతున్నట్టు. అలాగే పట్టుకుందాం పదండి."

చెరువంతా తెర మీద పరిచి, అబ్బాయి తెరచాప తిరిగిన ప్రతిచోటా నీలం చుక్క పెట్టింది. ఆ క్షణానికి మిగతా పడవలు ఏం చేస్తున్నాయో పక్కన పెట్టి చూశారు. నా పడవని చూసి తిప్పాడంది ఆడపడుచు. కాదు, ఆమె తెరచాప ప్రతిసారీ అతని తర్వాతే తిరిగింది. అత్తగారి పడవా కాదు. కోడలిదీ కాదు. అబ్బాయి లాప్‌టాప్ సంచీలో పెట్టేసుకున్నాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. పెదాలు బిగించుకుని తెర వంకే చూస్తున్నాడు.

"అమ్మాయ్," అంది అత్తగారు నెమ్మదిగా, "మనం ముందున్నవాళ్ళనే చూస్తున్నాం. ఇందాక గాలి ఎటు నుంచి?"

"వెనక నుంచి."

"వెనక నుంచి వచ్చే గాలి ముందు ఎవరికి తగులుతుంది?"

కోడలు ఎర్ర పడవ వైపు వేలు పెట్టింది. నీలం చుక్క పడ్డ ప్రతిచోటా, దానికి కాస్త ముందు, చిట్టచివరనున్న ఎర్ర పడవ గాలి దెబ్బకి పక్కకి తూలింది. ప్రతిసారీ. తూలిన వైపుకే అబ్బాయి తెరచాప తిరిగింది.

"మీ అబ్బాయిని చూసి, అత్తయ్యా! ఆయన తూలితే చాలు, గాలి ఎటు రాబోతోందో తెలిసిపోతుంది! అందరూ గెలిచేవాళ్ళని చూస్తే, ఈయన ఓడిపోయేవాణ్ణి చూశాడు!"

అబ్బాయికి పొలమారింది. దగ్గి, దగ్గి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మొగుడు వీపు తట్టాడు. "నేను... నేనేం చెప్పలేదు. మీరే సాక్ష్యం, నేనొక్క ముక్క కూడా చెప్పలేదు" అన్నాడు. అంటూనే అందరికంటే సంతోషంగా నవ్వుతున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ మీ అందరికీ దిక్కు నేనే అన్నమాట" అన్నాడు మొగుడు గంభీరంగా. "చివర్లో ఉండటం ఎంత కష్టమో ఇప్పటికైనా తెలిసిందా?"

ఆడపడుచు నవ్వు ఆపుకోలేక స్పీకరుకి దూరంగా వెళ్ళిపోయింది. మొగుడు అబ్బాయిని వీధి చివరి దాకా దిగబెట్టడానికి చెప్పులు వేసుకున్నాడు. గది ఖాళీ అయింది. కోడలు అప్పుడే కొత్త తెరచాప కోడు రాయడం మొదలుపెట్టింది, రాస్తున్న ప్రతి వరసనీ పైకి చదువుతూ. ఎందుకు అలా రాస్తోందో చెబుతుంటే అత్తగారు ఊ కొడుతోంది, మధ్యలో ఇక్కడ తప్పు అంటోంది, ఇద్దరూ వాదించుకుంటున్నారు.

ఉన్నట్టుండి అత్తగారు అంది. "ఉద్యోగం పోయింది కదే."

"పోయింది." కోడలు రాయడం ఆపింది. "కావాలనే ఉంది అత్తయ్యా. ఇప్పటికీ కావాలనే ఉంది. కానీ మీకు చెప్పకూడని సంగతి తెలుసుకుని నేనేం చేసుకోను?"

అటు నుంచి ఊ కొట్టడం ఆగిపోయింది. కోడలు తెర మీద గుర్తు చూసింది, మిషను మిషనుతో మాట్లాడుతూనే ఉంది.

"అత్తయ్యా? లైను పోయిందా?"

"లేదమ్మా" అంది అత్తగారు, కాసేపటికి. "ఉన్నాను. చదువు."